భయపడాల్సినంతే భయపడమన్న మాస్టారు

మాఘ పూర్ణిమ సముద్రస్నానానికి మాతో వచ్చిన అప్పలస్వామి మాస్టారు మాతో తిరిగి రాలేదు.  ఈ దుర్వార్త నాకు ఎవరూ మోసుకురాలేదు, నా కళ్ళెదుటే జరిగింది. అయినా విన్నవాళ్ళు నమ్మినంతగా కూడా చూసిన నేను నమ్మలేకపోతున్నాను. ఉదయాన ఈతకొలను గేటు చప్పుడైతే ఆయనే వస్తున్నారనిపిస్తుంది. తల తిప్పి చూస్తాను. తోటమాలి వస్తాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. మాస్టారు బిలాస్‌పూర్‌లో గూడ్సు బళ్ళ గార్డుగా ఉద్యోగం చేసి రిటైరయ్యారు. యౌవనం నుంచి తుది శ్వాస దాకా రైల్వే కాలనీ ఈతకొలనులో పిల్లలకు ఉచితంగా ఈత నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకుని, పెద్దయ్యాక ఆయన పక్కనే నిలబడి ఆడపిల్లలకు నేర్పుతూ వచ్చినదాన్ని నేను. పగలు రిజర్వేషన్ ఆఫీసులో ఉద్యోగం, పొద్దున్నే కొలను. నిరాడంబర జీవనం, నిష్కల్మష హృదయం, నిష్కామ సేవాతత్పరత అని ఇలాంటి వ్యాసాల్లో రాసే మాటలన్నీ ఆయనకు అక్షరాలా వర్తిస్తాయి. మృదుభాషి అని మాత్రం రాయలేను. రాస్తే ఆయన చేత తిట్లు తిన్న తరాలన్నీ ఫక్కున నవ్వుతాయి.

ఈ వ్యాసం రాయమన్న తెలుగు సంఘం పెద్దలు ఒక కోరిక కూడా కోరారు. చివర్లో పిల్లలకు ఒక హెచ్చరిక చేర్చాలట. సముద్రంలో దిగవద్దని, అందుకు మాస్టారి మరణమే నిదర్శనమని. వారి ఉద్దేశం మంచిదే. కానీ మాస్టారు జీవితమంతా ఏ మాటకు ఎదురు నిలిచారో ఆ మాటను ఆయన ఫొటో కింద నన్నే రాయమంటున్నారు. ఏం చెయ్యాలో తోచక ముందు ఆయన గురించి రాస్తున్నాను.

మావన్నీ తాతల తరంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు. సముద్రం మాకు చుట్టపుచూపు. ఏడాదికోసారి మాఘ పూర్ణిమకు పాసుల మీద విశాఖ వెళ్ళి, భీమిలి దాటాక ఒడ్డున ఉండే మాస్టారి అమ్మగారి పల్లెలో దిగి, తెల్లవారుతూనే స్నానం చేసి రావడం ఆనవాయితీ. మిగతా ఏడాదంతా మా పిల్లలకు సముద్రమంటే టీవీలో చూసిన నీళ్ళు, ఆ నీళ్ళ మీద తిరిగే ఒక రెక్క. ఆ రెక్క భయం ఎంత గట్టిదంటే, కొలనులో లోతువైపు నీళ్ళు కాస్త పచ్చగా కనబడితే చాలు, కొత్తగా చేరిన పిల్లలు అటు దిగేవారు కాదు. ఒకసారి ఒక చిన్నపిల్ల గట్టు పట్టుకుని వేలాడుతూ అడిగింది.

"సార్, ఇందులో షార్క్ ఉంటాదా?"

మాస్టారు నవ్వలేదు. పిల్లలు భయంతో అడిగినదానికి ఆయన ఎన్నడూ నవ్వేవారు కాదు. నా వైపు తిరిగి కళ్ళెర్రజేశారు.

"ఏటమ్మా ఉమా, సొరచేపకి బిలాస్‌పూర్ దాకా రిజర్వేషన్ ఇచ్చింది నువ్వేనేటి?"

"లేదు మాస్టారూ, వెయిటింగ్ లిస్టులోనే ఉంది" అన్నాను.

"కన్ఫర్మ్ అయితే సెప్పు. స్టేషన్‌కెళ్ళి నానే దింపుకొస్తాను" అని, ఆ పిల్లను చంకనేసుకుని లోతువైపు దిగారు. ఆ పిల్ల ఇప్పుడు మా జట్టులో అందరికంటే ముందు ఈదుతుంది.

ఉత్త హాస్యంతో భయం పోదని ఆయనకు తెలుసు. అందుకే సముద్రానికి వెళ్ళినప్పుడు పిల్లల్ని నీళ్ళ దగ్గరికి కాకుండా ముందు వలలు దులిపే చోటికి తీసుకెళ్ళేవారు. గంపల్లో మూరెడేసి సొరలు పడి ఉండేవి. ఒకదాన్ని తోక పట్టి ఎత్తి, నోరు తెరిచి పళ్ళు చూపించి, ఒక్కొక్కరి చేతా తడిమించేవారు.

"ఏటర్రా, ఇదేనా మీ రాకాసి? మీ అమ్మలు మిమ్మల్ని కన్నప్పుడు పాలు పడాలని దీని మాంసం పిట్టే వండుకు తిన్నారు. అది మనల్ని తిన్నదానికంటే మనం దాన్ని తిన్నది సాలా ఎక్కువ. ఎవలికి ఎవలు బయపడాలో మీరే సెప్పండి."

పిల్లలు కిలకిల్లాడుతుంటే గొంతు మార్చేవారు. "పెద్దవి లేవని నాను అబద్ధం సెప్పను. లోతుల్లో ఉన్నాయి. ఎప్పుడో, ఎక్కడో, ఎవలినో ఒకలిని కరుస్తాయి. ఆ ఎప్పుడో కోసం దూరంగా సూస్తూ, ఇప్పుడు మీ కాలి కింద ఇసక ఏటవుతున్నాదో సూడ్డం మానేసేరనుకో, అదీ పెమాదం." భయపడవద్దని ఆయన ఎవరికీ చెప్పలేదు. భయపడాల్సినంతే భయపడమని, భయపడాల్సినదానికే భయపడమని చెప్పేవారు. ఇదీ, భయపడవద్దనడమూ ఒకటే అనుకునేవాళ్ళ మీద ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది.

కాలి కింద ఇసక సంగతి చెప్పాలి. రైల్వేవాళ్ళం కదా, రద్దీ లేని దారి కనబడితే అదే మంచిదనుకునే అలవాటు మాకు ఉంది. ఒడ్డున నిలబడి చూస్తే ఇటూ అటూ అలలు తెల్లగా విరిగిపడుతుంటాయి, మధ్యలో ఒక పాయ మాత్రం నునుపుగా, కాస్త మట్టిరంగులో నిమ్మళంగా కనబడుతుంది. "ఇక్కడ అలల్లేవర్రా, లైన్ క్లియర్" అంటూ మావాళ్ళు ముసలమ్మలను చేతులు పట్టుకుని సరిగ్గా అక్కడికే నడిపించేవారు. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయేది ఆ పాయలోంచే. మనిషిని అడుక్కు లాగదు గానీ దూరంగా మోసుకుపోతుంది. మోసుకుపోతుంటే వాడు దానికెదురు ఈది, అలిసి, మునుగుతాడు. మాస్టారు స్నానాలకు ముందే వచ్చి, ఆ పాయ ఎక్కడుందో చూసి, డ్యూటీలో వాడిన ఎర్రజెండాలు రెండూ దానికి అటూ ఇటూ పాతేవారు. "అలలు ఇరిగే చోట ఎవలైనా బయపడతారు. అలలు ఇరగని చోట బయపడ్డం నేర్సుకోండి. లాగితే ఎదురెళ్ళకండి. కదిలే బండికి ఎదురు పరిగెడితే ఏటవుద్ది? పక్కకి తప్పుకోవాల. ఒడ్డు ఎంబడే అడ్డంగా ఈదండి, అలిసిపోతే ఎల్లకిలా తేలండి, సెయ్యెత్తండి, మేమొస్తాం."

ఒక ఏడు మాతో ఒక బ్యాంకు అధికారిగారు వచ్చారు, కరీంనగర్ వైపు మనిషి. ఎర్రజెండాలు దాటి తొడలోతు నీళ్ళలో నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దిక్కులు చూస్తూ, ఇక్కడ షార్కులు ఉన్నాయా, ఎంత దూరంలో ఉంటాయి అని మాస్టారిని అక్కడినుంచే కేకేసి అడుగుతున్నారు. అడుగుతూ అడుగుతూ దూరమైపోతున్నారు. తను కదులుతున్నానని ఆయనకే తెలియలేదు. మాస్టారు విజిలేసి, అడ్డంగా ఈది, ఆ పెద్దమనిషి జుట్టు పట్టుకుని పక్కకు తెచ్చి ఒడ్డున పడేశారు. "సొరలు ఎంత దూరమో తెలీదు గానీ బాబూ, మీరు మాత్రం ఇందాకే బయల్దేరిపోయారు" అన్నారు. ఆ అధికారిగారు తర్వాత తన ఇద్దరు కూతుళ్ళనూ మా కొలనులో చేర్పించారు.

జెల్లీఫిష్ దగ్గరికి వచ్చేసరికి మాస్టారిలో ఒక మొండితనం ఉండేది. ఇప్పుడు దాని గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, రాయకుండా ఉండడం ఇంకా కష్టం.

అవి కొన్ని ఏళ్ళు అసలు రావు, కొన్ని ఏళ్ళు ఒడ్డంతా జారుడు ముద్దలై పడి ఉంటాయి. తోకల్లాంటి ఆ దారాలు తగిలితే నిప్పంటినట్టు మండుతుంది. మావాళ్ళకు తెలిసిన వైద్యం ఇసకతో రుద్దడం, లేదా ఇంటినుంచి తెచ్చుకున్న గంగాజలం పొయ్యడం. రెండూ చెరుపే. రుద్దితే చర్మానికి అంటిన విషం ఇంకా దిగుతుంది, మంచినీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. మాస్టారు సముద్రపు నీళ్ళతోనే కడిగించి, అంటుకున్న దారాలను చేత్తో ముట్టకుండా తీసి, ఫ్లాస్కులో తెచ్చిన వేణ్ణీళ్ళు తట్టుకోగలిగినంత వేడిగా పట్టించేవారు. ఇదంతా నాకూ నేర్పారు. నేర్పి ఊరుకోలేదు. పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టుకుని, ఒక జెల్లీఫిష్ దారాన్ని తన ముంజేతికి తగిలించుకునేవారు. చెయ్యి ఎర్రటి చారలు తేలేది. దాన్నెత్తి అందరికీ చూపించేవారు.

"మంటుంటాది. ఏడుపొస్తాది. రేపు దురదుంటాది. ఎల్లుండికి మీరుంటారు. మిమ్మల్ని సంపేది ఇది కాదర్రా, దీన్ని సూసి లోతు నీళ్ళలో మీరేసే గెంతులు. పాణం తీసే రకాలు వేరే సముద్రాల్లో ఉన్నాయంట, కాబట్టి మీరు దేన్నీ ముట్టకండి. నాను ముడతాను."

"ఏటండీ మీకు, ఈ వయసులో ఈ సర్కస్ ఏటి?" అని ఒడ్డున కూర్చుని అరిచేది పిన్ని. మాస్టారి భార్య పైడమ్మగారిని నేను పిన్ని అనే పిలుస్తాను. చుట్టరికం లేదు, ఒకే వరస క్వార్టర్లలో పెరిగాను, అంతే.

"పిల్లలు సూడాలి కదే" అనేవారాయన.

"మీ సెయ్యి కాలితేనేగానీ వాళ్ళ కళ్ళు కనబడవేటి?"

ఆయన ఒక్క పిన్నికి మాత్రమే జవాబు చెప్పలేకపోయేవారు. మరుసటి ఏడు మళ్ళీ అదే పని చేసేవారు.

ఈ ఏడు ఆ ప్రదర్శన అవసరమే రాలేదు. పిల్లలు నడుంలోతు నీళ్ళలో ఈదుతున్నారు. వాళ్ళకు అవతల, సముద్రం వైపు, ఎప్పటిలాగే మాస్టారు నిలబడి ఉన్నారు. ఒక అల వచ్చి వెళ్ళాక ఆయన మెడ తడుముకోవడం చూశాను. దారాలు మెడకూ భుజానికీ చుట్టుకున్నాయి. తొందరపడలేదు. నన్ను తన చోట నిలబెట్టి, నడిచే ఒడ్డుకు వెళ్ళారు. సముద్రపు నీళ్ళతో కడుక్కున్నారు. కొడుకు రవి ఫ్లాస్కు పట్టుకొచ్చాడు. పిల్లలు కొందరు చూస్తున్నారని గమనించి, "ఏటలా సూస్తారు, ఈదండి" అని కేకేశారు కూడా. ఆ కేక చివర్లో గొంతు బొంగురుపోయింది.

తర్వాత జరిగింది మేము ఎన్నడూ చూడనిది. పెదవులు ఉబ్బాయి. ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. ఊపిరి లోపలికి వెళ్ళడం మానేసింది. ఆయన నేర్పినదంతా చేశాం, ఒక్కటీ తప్పు చెయ్యలేదు. ఆయన నేర్పనిది వచ్చింది. దానికి కావలసిన మందు మా దగ్గర లేదు, ఆ పల్లెలో ఎవరి దగ్గరా లేదు. కారు దొరికింది, దారి మాత్రం తరగలేదు. తల నా ఒడిలో ఉంది. పిన్ని పాదాలు రుద్దుతోంది. ఆయన నా మణికట్టు పట్టుకుని, ఒక్కొక్క మాటకూ ఆగుతూ, "పిల్లల్ని... బెదరగొట్టకండి" అన్నారు. అదే ఆఖరు మాట. ఆసుపత్రి గేటు కనబడేసరికే ఆ చేతి పట్టు సడలిపోయింది.

అక్కడి డాక్టరమ్మ నెమ్మదిగా, ఓపికగా చెప్పింది. జెల్లీఫిష్ విషం అంతటిది కాదట. ఆ కాటుకు ఆయన ఒళ్ళే తిరగబడిందట. ఇలా అవడం అరుదట. ఇదివరకు ఎప్పుడైనా కుట్టిందా అని అడిగింది. రవి చాలాసార్లని చెప్పాడు. ఒక్కోసారి అలా పదే పదే తగలడం వల్లే ఒళ్ళు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందని, ఈయన విషయంలో అదే జరిగిందని ఖాయంగా చెప్పలేనని ఆమె అంది. పిన్ని ఆయన చెయ్యి అందుకుంది. ఆ ముంజేతిని తన ఒళ్ళోకి తీసుకుని, చారలు ఉండాల్సిన చోట నిమురుతూ కూర్చుంది. పిల్లల భయం తియ్యడానికి ఏటేటా ఆయన ఎత్తి చూపించిన చెయ్యి అది.

మాస్టారి శరీరంతో బిలాస్‌పూర్ వచ్చాం. వార్త మాకంటే ముందే వచ్చింది. రైల్వే కాలనీలో ఉండగా అది జెల్లీఫిషే. ఊళ్ళోకి, కుదుదండ్ చేరేసరికి పెద్ద చేప అయింది. దగ్గర్లోని గతౌరా నుంచి పరామర్శకు వచ్చిన ఒకాయన, "సొర సగం శరీరం లాక్కుపోయిందంట కదమ్మా" అని నన్నే అడిగారు. శరీరం వెనకగదిలోనే ఉంది, వెళ్ళి చూడండి అన్నాను. చూసి వచ్చారు. "ఏదైతేనేంలే, సముద్రం కదా" అన్నారు. సొరకు బిలాస్‌పూర్ రిజర్వేషన్ కన్ఫర్మ్ అయిపోయింది మాస్టారూ, మీరు పోయాకే అయింది.

కొలను దగ్గర ఇప్పుడు నీళ్ళు నిశ్చలంగా ఉంటున్నాయి. ఆడపిల్లల తల్లులు ఒక్కొక్కరే వచ్చి పేర్లు కొట్టేయించుకుంటున్నారు. ఇది కొలను, కొత్తవాళ్ళు దిగేవైపు నీళ్ళు నడుం లోతే, ఇక్కడ ఏ చేపా లేదు అని చెప్పాను. ఒకామె నా చెయ్యి పట్టుకుని, కోపం లేకుండానే అంది.

"దీదీ, సార్ ఉత్తినే చెప్పారని అనట్లేదు. కానీ సార్ ఖుద్, ఆయనే పోయారు కదా. అబ్ క్యా బోలేంగే?"

ఏం చెప్పను? అరుదని చెప్పనా? అది నిజమే. సముద్రంలో పోయినవాళ్ళలో మాకు తెలిసిన ప్రతి ఒక్కరినీ నీటి లాగుడో, తాగిన మైకమో, బెదురో తీసుకుపోయింది. సొర ఎవరినీ తినలేదు. జెల్లీఫిష్ వల్ల పోయిన మనిషి మా ఎరికలో ఈయనొక్కరే. మాస్టారి మాట అబద్ధం కాలేదు. కానీ ఆ అరుదు వచ్చి కూర్చున్న ఇంటి ముందు నిలబడి అరుదు అనే మాట నోట రావడం లేదు. ఆయన ఉంటే ఈ తల్లులకు జవాబు చెప్పేవారు, నన్ను కూడా నాలుగు తిట్టేవారు. నాకేమో తిట్టడం చేతకాదు. నా కూతురు వచ్చే ఏడు సముద్రానికి తీసుకెళ్తావా అని అడిగితే చూద్దాంలే అన్నాను. మా ఇంట్లో చూద్దాంలే అంటే వద్దనే అర్థమని దానికి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

అందుకని సంఘం పెద్దలకు మనవి. మీరడిగిన హెచ్చరిక రాయలేను. అది రాస్తే ఆయన ఆఖరు మాటను నా చేత్తో నేనే కొట్టేసినదాన్నవుతాను. రండి, పిల్లల్ని పంపండి, ఏమీ కాదు అని రాయడానికీ చెయ్యి రావడం లేదు. ఏమీ కాదు అనే మాట మాస్టారు కూడా ఎన్నడూ అనలేదు. మీకు సమ్మతమైతే ఆ చోటు ఖాళీగా వదిలేయండి. రవికి తెలుగు చదవడం రాదు. ఈ వ్యాసం అచ్చయ్యాక నేనే చదివి వినిపించాలి, ఏ వాక్యం దగ్గర ఆగిపోతానో తెలియదు.

ఇక ఒక్క సంగతి. తన అస్థికలు సముద్రంలో కలపాలని మాస్టారు రవితో ఎన్నోసార్లు అన్నారట. పిన్ని ఒప్పుకోలేదు.

"నా మాట ఒక్కటైనా ఇన్నారా ఆయన? ఇప్పుడు ఆయన మాట నానెందుకు ఇనాలి? ఆ సముద్రానికి మళ్ళీ నా సేత్తో నాను ఇవ్వను" అంది.  మా ఊరి ఏరు అర్పా ఒడ్డుకు వెళ్ళాం.

ఈ రోజుల్లో అర్పా ఎలా ఉంటుందో మనకు తెలిసిందే. అంతా ఇసక, మధ్యలో చీలమండలోతు నీరు. రవి దిగి, పంతులుగారు చెప్పినట్టు కుండ వంచాడు. అస్థికలు అడుక్కు జారాయి. బూడిద నీటి మీద చాప పరిచినట్టు పరుచుకుని, అక్కడే నిలబడిపోయింది. అటు పోదు, ఇటు పోదు. పంతులుగారు మంత్రం పూర్తిచేసి మా వైపు చూశారు. మేము నీళ్ళ వైపు చూశాం.

పిన్ని నా పక్కకు వచ్చింది. "ఉమా, ఈ ఏరు ఎక్కడికి పోతాది?"

"శివనాథ్‌లో కలుస్తుంది పిన్నీ."

"అది?"

"మహానదిలో."

"అచ్ఛా. ఆ తర్వాతో?"

 ఆవిడ నా ముఖంలోకి చూసి, చూస్తూనే ఉండి, తల తిప్పుకుంది. "అంటే అక్కడికేనన్నమాట. నాను ఆపలేనన్నమాట" అంది. చీర కుచ్చెళ్ళు తడుస్తున్నా చూసుకోకుండా నీళ్ళలో కూర్చుంది. రెండు చేతులతో నీటిని వెనకనుంచి ముందుకు తోస్తూ, "ఎల్లండి మరి. ఎల్లండి. ఎలాగూ నా మాట ఇనరు కదా" అని ఏడవడం మొదలుపెట్టింది.

నేనూ రవీ చెరోవైపు కూర్చుని తోశాం. కాస్త కదిలి, ఇసక తిన్నె దగ్గర ఆగింది. మళ్ళీ తోశాం.

మాస్టారూ, మీకు నమస్కారం. మా ఊళ్ళో ఈత నేర్పేవాళ్ళు ఇంకా వస్తారు, మీరు నిలబడిన చోట నిలబడేవాళ్ళు రారు. వానలు పడేదాకా మీరు అర్పాలోనే ఉంటారు. అంతవరకూ మిమ్మల్ని పంపడం కూడా మా చేతుల్లో లేదు.